కోర్టువారి బూట్ల కోసం వేసిన దారి

విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చి దశాబ్దం కావస్తున్న రోజుల్లో, ఒక డిసెంబరు నెలలో, పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చునే హైకోర్టు సర్క్యూట్ బెంచి నన్ను స్పెషల్ ఆఫీసరుగా నియమించింది. అప్పటికి ఊరి పేరు ఇంకా మారలేదు. హోదా గొప్పగా వినిపిస్తుంది కానీ, జీపూ జవానూ ఉండే అధికారి కాదు ఇది. ఒకే చోటు గురించి రెండు పక్షాలు రెండు రకాలుగా ప్రమాణం చేసి చెబుతుంటాయి. జడ్జిగారు స్వయంగా వెళ్లి చూడలేరు. అప్పుడు ఆ కేసుతో సంబంధం లేని ఒక వకీలును తమ కళ్లుగా పంపుతారు. ఆ వకీలు ఇద్దరి ఎదుటా చూడాలి. చూసింది రాయాలి. చేత్తో ఒక పటం గీయాలి. ఏ పక్షం వాళ్ల దగ్గరా మంచినీళ్లకు మించి ఏదీ పుచ్చుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అభిప్రాయం చెప్పకూడదు.

ఆ చివరిదే నాకు గొంతులో ముల్లు. మా నాన్నది బజారులో కిరాణా దుకాణం. పక్కన బాబాయి గుడ్డల కొట్టు, ఎదురుగా మేనమామ ఇనప సామాన్ల కొట్టు. నేను నడక కంటే ముందు బేరం నేర్చానని మా అమ్మ అనేది. బేరమాడకుండా నేను కొన్నది జీవితంలో బస్సు టికెట్టు ఒక్కటే. అదీ ఒకసారి ప్రయత్నించి, కండక్టరు చేత నడిరోడ్డు మీద చీవాట్లు తిన్నాను. అలాంటివాణ్ని పట్టుకుని నోరు మూసుకుని చూసి రమ్మన్నారు. ఆర్డరు కాపీ చేతికి రాగానే, నిజం చెప్పాలంటే, పండగ సెలవులు ఇచ్చిన బడిపిల్లాడిలా ఎగిరాను. నల్లకోటు వేసుకున్నప్పటినుంచీ అమ్మకపు దస్తావేజులూ చెక్కు కేసులే. రాజ్యాంగం పేరు చెప్పి నన్ను ఎక్కడికైనా పంపడం అదే మొదటిసారి.

కేసు ఇది. దీవుల ఉత్తర కొసన డిగ్లీపూర్ దాటాక, ఉప్పుటేటి ఒడ్డున ఒక చిన్న పల్లె. దాదాపు అందరూ తెలుగు క్రైస్తవులు. తాతల నాడు ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చినవాళ్లు. చేపల వేట, పోక తోటల్లో కూలి, ఒకరిద్దరికి రోడ్డు పనులు. ఆదివారం రేకుల షెడ్డులో తెలుగు ఆరాధన. ఆ పల్లెలో ఒక గది ప్రాథమిక పాఠశాల ఉండేది. పిల్లలు తక్కువయ్యారని దాన్ని ఏటికి అవతలి ఒడ్డున ఉన్న పెద్ద బడిలో కలిపేశారు. విద్యాశాఖ భాషలో దీన్ని విలీనం అంటారు. పల్లె భాషలో బడికి తాళం వేయడం అంటారు.

చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. బతికే హక్కులోనే చదువుకునే హక్కు కూడా ఉందని తొంభైల్లో సుప్రీంకోర్టు అంది. తర్వాత పార్లమెంటు దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించింది. ఆ మీదట చట్టం, దాని కింద నియమాలు వచ్చాయి. మా అండమాన్ దీవులకు శాసనసభ లేదు కాబట్టి కేంద్రం చేసిన నియమాలే మాకు వర్తిస్తాయి. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు, నడిచి వెళ్లగలిగే ఒక కిలోమీటరు లోపల బడి ఉండాలన్నది ఒక నియమం. వరదో, దారి లేకపోవడమో, పసిపిల్లలకు ప్రమాదమో ఉన్న చోట ఆ ప్రమాదం తప్పేలా బడిని ఇంకా దగ్గరగా పెట్టాలన్నది దాని కిందనే ఉన్న మరో నియమం.

ఉపగ్రహ పటం మీద గీత గీసి, బడి కిలోమీటరు లోపలే ఉందని శాఖవారు అఫిడవిట్ వేశారు. గీత ఏటి మీదుగా పోతుంది. ఏరు చుట్టి రోడ్డు మీద పోతే ఒక బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాలి. పాటు వేళ, అంటే నీరు తీసినప్పుడు, ఏట్లో నడిచి దాటవచ్చని, అక్కడికి వెళ్లిన బడుల ఇన్‌స్పెక్టరు స్వయంగా దాటారని శాఖ అంది. పోటు వేళ అక్కడ మనిషి మునుగుతాడని, పైగా అది మొసళ్లున్న ఏరని పిటిషనరు అంది. రెండూ నిజమే అయ్యుండవచ్చు. బడివేళ అక్కడ ఏముందో చూసి రమ్మని బెంచి నన్ను పంపింది.

పిటిషనరు పేరు సలోమి. పోక తోటలో పనిచేస్తుంది. ఆమె కూతురు రూతుకు ఎనిమిదేళ్లు. బడి మూసినప్పటి నుంచి ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. దక్షిణాన ఒక రోజు ప్రయాణం దూరంలో, ఫెరార్గంజ్‌లో ఉన్న సలోమి అక్క, పిల్లను తన దగ్గరికి పంపమని, అక్కడి బడిలో వేస్తానని కబురు చేసింది. కేసు పోతే కొత్త తరగతులు మొదలయ్యేలోగా రూతును పంపించేయాలి. సలోమి అఫిడవిట్‌లో ఈ సంగతి చివరి పేరాలో ఒక్క వాక్యంగా ఉంది. న్యాయ సహాయం తరఫున ఆమె కేసు చూస్తున్న ప్రియ అనే యువ వకీలు ఆ వాక్యాన్ని తీసేద్దామనుకుందట, చట్టానికి సంబంధం లేదని. సలోమి ఒప్పుకోలేదట.

ప్రభుత్వం తరఫు వకీలు భాస్కర్. పోర్ట్ బ్లెయిర్ మిన్నీ బేలో పెరిగిన తెలుగువాడు. కోర్టులో నాకు జూనియరే కానీ వాదనలో ఎవరికీ జూనియరు కాదు. ముగ్గురం డిగ్లీపూర్ చేరి, జీపు మాట్లాడుకుని, బడి మొదలయ్యే వేళకు ఆ పల్లెకు వెళ్లాం. జీపు బాడుగ నేనే బేరమాడాను. భాస్కర్, ప్రియ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం నేను గమనించనట్టు నటించాను.

ఏటి ఒడ్డుకు వెళ్లి చూసి, ముగ్గురం నిలబడిపోయాం.

నీరు బాగా తీసింది. నడిమధ్యలో సన్నటి పాయ తప్ప అంతా బురద. ఆ బురద మీద, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, దుంగలు పక్కపక్కన పేర్చి, వాటి మీద చీల్చిన పోక మానులు పరిచి, చక్కటి బాట వేసి ఉంది. మొదట్లో కొబ్బరాకుల తోరణం. తోరణానికి మందార పూలు. పక్కన పల్లెవాళ్లంతా ఆదివారం బట్టల్లో నిలబడి ఉన్నారు.

భాస్కర్ ముఖం వెలిగిపోయింది. ఫోను తీసి టకటకా ఫొటోలు కొట్టాడు. "వాహ్ సర్! నడిచే దారి ఉందా లేదా అన్నారు కదా. ఇది దారి కాదు, రాజమార్గం. పెళ్లికొడుకును నడిపించొచ్చు."

ప్రియ నుదురు పట్టుకుంది. "దానియేలు అంకుల్, యే క్యా కియా ఆప్‌నే? ఎవరు వేయమన్నారు ఇది?"

దానియేలు ఆ పల్లె పెద్ద. ఆరాధన నడిపించేదీ ఆయనే. తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఎవరో ఏయమనాలేటమ్మా? కోర్టోరు మన గడపకొత్తంటే బురదలో నడిపిస్తామా? బూట్లు పాడైపోవా? ఈ పాటుకే, చీకటితోనే ఊరోళ్లం అందరం కలిసి ఏసేసాం. ఆడోళ్లు కూడా దుంగలు మోసారు."

అప్పుడు వెనక నుంచి సలోమి వచ్చింది. ముందు రోజే అవతలి ఒడ్డున బడి కాగితాలు తెచ్చుకోవడానికి రోడ్డు చుట్టి వెళ్లి, పొద్దున్నే బస్సు దిగి వచ్చేసరికి తన కేసు మీద తన వాళ్లే వంతెన కట్టారని ఆమెకు అప్పుడే అర్థమైంది. "మావయ్యా! ఆళ్ల బూట్లు సూసావు గానీ నా పిల్ల కాళ్లు సూళ్లేదేటి నువ్వు? బురదుందని చెప్పడానికే కదా ఇంత దూరం రప్పించాం!"

"అతిథులే సలోమీ..."

"అతిథులు కాదు మావయ్యా, తనిఖీ!"

పెద్దాయన ముఖం పాలిపోవడం నేను చూశాను. నోటిదాకా వచ్చిన మాటలన్నీ మింగాను. ఆఫీసరును కదా. చూసింది రాసుకున్నాను: దుంగల బాట, తోరణం, పూలు. బాట ఆ తెల్లవారుజామునే వేశారన్న దానియేలు మాటను ఆయన వాంగ్మూలంగా రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను. ఒడ్డున మొసళ్లున్నాయని అటవీశాఖ పెట్టిన హెచ్చరిక బోర్డును పటంలో గుర్తించాను. తర్వాత అందరం బాట మీద అవతలికి దాటాం. భాస్కర్ చేతులూపుకుంటూ వెళ్లాడు. ప్రియ చకచకా దాటింది. నేను మాత్రం మధ్యలో ఒక పోక మాను దొర్లితే దానియేలు భుజం పట్టుకుని, హైకోర్టు గౌరవం కాపాడమని ఆ ప్రభువునూ ఈ పెద్దాయననూ కలిపి వేడుకున్నాను. మా జీపు ఈవలి ఒడ్డునే ఉండిపోయింది.

అవతల ఒడ్డున భాస్కర్ అసలు దెబ్బ కొట్టాడు. ఎగతాళి మాని, వకీలు గొంతుతో మాట్లాడాడు. "సర్, ఇవాళే వేశారనుకుందాం. అయితే ఇంకా మంచిది. ఊరివాళ్లు ఒక్క పాటు వేళలో వేయగలిగిన దారిని శాఖ శాశ్వతంగా వేయించలేదా? నేను కోర్టుకు అదే హామీ ఇస్తాను. దారి వేస్తాం, విలీనం ఉంటుంది. కేసు ఖతం."

గట్టి వాదన. ఏ జడ్జికైనా నచ్చే వాదన. పల్లెవాళ్ల మర్యాదే వాళ్ల బడి తాళానికి రెండో తాళం వేసేలా ఉంది. సలోమి మా మాటలు వింటూ ఒడ్డున నిలబడింది.

నేను ఆర్డరు మళ్లీ తీసి చదివాను. "పిల్లలు బడికి చేరే వేళ" తనిఖీ చేయమని ఉంది. ఆ వేళ అయిపోయింది. చట్టప్రకారం నా పని కూడా అయిపోయింది. కానీ బడికి వెళ్లిన పిల్ల ఇంటికి రావాలి కదా? బడి మధ్యాహ్నం వదులుతారు. ఆర్డరులో లేని వేళకు తనిఖీ పొడిగించాలంటే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి. ప్రియ వెంటనే తలూపింది. భాస్కర్ వాచీ చూసుకున్నాడు.

"సర్, మధ్యాహ్నం డిగ్లీపూర్‌లో వేరే పని ఉంది. ఆర్డరులో బడి వదిలే వేళ లేదు. మీరే చెబుతారుగా, చూసిందే రాయాలని. చూశారు. రాయండి."

అప్పుడు నాకు దుకాణం ముందు నిలబడ్డట్టే అనిపించింది. ఎదుటివాడికి అవసరం లేదు, నాకు కావాలి. ఇంతకంటే చెడ్డ బేరం ఉండదు. అమ్మడానికి నా దగ్గర ఒకే ఒక్క సరుకుంది. నా రిపోర్టులో ఏది ముందు, ఏది వెనక అన్నది నా చేతిలో ఉంది.

"భాస్కర్, నీ రాజమార్గం రిపోర్టు మొదటి పేరాలో పెడతాను. తోరణంతో సహా. నీ ఫొటోలే జత చేస్తాను. నేను తడవకుండా దాటానని రాస్తాను. దానికి బదులు నాకు బడి వదిలే వేళ ఇవ్వు."

"మొదటి పేరానా?"

"మొదటి పేరా."

"మీరు దొర్లబోయింది కూడా రాస్తారా?"

"అదీ రాయాలా?"

"చూసిందే రాయాలిగా సర్!" ఫక్కున నవ్వాడు.

ప్రియ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. జడ్జిగారు చదివే మొదటి పేరాను, అడగకుండానే, ప్రభుత్వం చేతిలో పెట్టేశాను. మధ్యాహ్నం పోటు చాలకపోయినా, దుంగలు కదలకపోయినా, ఆ పిల్లను ఫెరార్గంజ్ పంపించినవాడిని నేనే అవుతాను. ఆ రోజు పున్నమి వెళ్లి కొన్ని రోజులైంది. పోటు ఏమంత పెద్దది కాదని నాకు తెలుసు.

భాస్కర్ ఇంకా తేల్చలేదు. అతన్ని ఆపింది నా బేరం కాదు. దానియేలు గిన్నె. పెద్దాయన ఒక మూత గిన్నె పట్టుకుని, బాట మీద నడిచి, బడి వరండాలోకి వచ్చాడు. ఏటి పీతల ఇగురు. ఒక గిన్నెడన్నం. మూత తీయగానే వరండా అంతా ఆ వాసన నిండిపోయింది. నేను తినకూడదు. పిటిషనరు పక్షం తిండి కదా. రాత్రి నుంచీ సంచీలో పెట్టుకున్న రొట్టె, ఉడికించిన గుడ్డు తీసుకుని, మొహం గోడవైపు తిప్పుకున్నాను.

"నాకు నిషేధం లేదు కదా సర్? నేను ఆఫీసరును కాదు" అని భాస్కర్ గిన్నె ముందు కూర్చున్నాడు.

సలోమి నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది. "మావయ్యా, ఇప్పుడు గవర్మెంటోరికి పీతలు కూడానా?"

"పొద్దున్న ఏమీ తిన్లేదంట సలోమీ. మనిషి ఆకలికి పార్టీలేటి?"

పీతలు తినడం తొందరపడి చేసే పని కాదు. డొల్ల పగలగొట్టాలి, కాలు పీల్చాలి, వేళ్లు నాకాలి. మధ్యలో భాస్కర్ "క్యా చీజ్ హై, అంకుల్!" అని మూడోసారి వడ్డించుకున్నాడు. డిగ్లీపూర్ పని ఊసే ఎత్తలేదు. చేతులు కడుక్కుని వచ్చి, పొడిగింపుకు సమ్మతిస్తున్నట్టు నా నోటు కింద సంతకం పెట్టాడు. నూనె మరక ఇప్పటికీ కోర్టు ఫైలులో ఉండి ఉంటుంది.

బడి గంట కొట్టేసరికి మేం ఒడ్డున ఉన్నాం. నీళ్లు మడ చెట్ల వేళ్లు దాటి పైకొచ్చాయి. మొదట నడిమధ్య పాయ వెడల్పయింది. తర్వాత బాట నడుము మీద నీరు ఎక్కింది. అయినా దుంగలు కదల్లేదు. ఊరివాళ్లు బాగానే వేశారు మరి. ప్రియ పెదవి కొరుక్కుంటోంది. భాస్కర్ నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు.

అప్పుడు ఒక పోక మాను తేలింది. నెమ్మదిగా, నిద్రలేచినట్టు, ఒక పక్కకు తిరిగింది. దాని వెనక ఇంకోటి. ఆపైన ఒక పెద్ద దుంగ పక్కదానిని గుద్ది, బాటంతా ఒక్కసారి విడిపోయింది. దుంగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, పోటు లాగినవైపు, ఏటి లోపలికి, మడ చెట్ల సందుల్లోకి కొట్టుకుపోయాయి. తోరణం కాసేపు నీళ్ల మీద నిలబడి, మందార పూలతో సహా వాటి వెనకే వెళ్లింది. అవతలి ఒడ్డున పల్లె ఆడవాళ్లు కేకలు వేశారు. నేనూ వేశాను. ఆఫీసరు కేకలు వేయకూడదని నియమం ఏమీ లేదు, నేను వెతికాను.

దానియేలు డింగీ తీశాడు. మమ్మల్ని పల్లె ఒడ్డుకు చేర్చి మా జీపు దగ్గర దింపుతానన్నాడు. చిన్న పడవ. నీరు సుడి తిరుగుతోంది. ప్రియ ఎక్కింది. నేను ప్రార్థన చేసుకుని ఎక్కాను. భాస్కర్ ఒడ్డునే నిలబడిపోయాడు.

"రా భయ్యా, నానున్నాను కదా" అన్నాడు దానియేలు.

"నేను రాను."

"ఏం?"

"నాకు ఈత రాదు. మొసళ్ల బోర్డు పెట్టారు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు అంకుల్. నేను ఎక్కను."

నేను నోటు పుస్తకం తెరిచాను. "భాస్కర్, ఈ మాట రాసుకోనా?"

అతను నన్ను చూశాడు. నీళ్లను చూశాడు. వెనక్కి తిరిగి, బడి నుంచి బయటికి వస్తున్న పిల్లల్ని చూశాడు. "అరే యార్..." అని ఆగిపోయాడు. తర్వాత మెల్లగా, "రాసుకోండి సర్" అన్నాడు.

మేమూ పడవ దిగి, జీపును రోడ్డు చుట్టి బడి ఒడ్డుకు తెప్పించాల్సి వచ్చింది. అది వచ్చేసరికి పొద్దు వాలింది. మొసలిని నేను చూడలేదు. చూడలేదనే రాశాను. వీడ్కోలప్పుడు సలోమి దగ్గరికొచ్చి అడిగింది. "రూతు పెట్టె సర్దేసానండి. మళ్లీ ఇప్పమంటారా?"

నేను జవాబు చెప్పకూడదు. చెప్పలేదు. అంత కష్టపడి నోరు మూసుకున్నది ఆ రోజు మొత్తంలో అప్పుడే.

రిపోర్టు మొదటి పేరాలో దుంగల బాటే ఉంది, మాటిచ్చినట్టే. నేను దొర్లబోయిన సంగతీ ఉంది. తర్వాతి పేరాల్లో మధ్యాహ్నం ఉంది. వాయిదా రోజు భాస్కర్ లేచి, శాశ్వత దారి హామీ గురించి మాట్లాడనే లేదు. ఆ పడవ తాను ఎక్కలేకపోయానని, పసిపిల్లల్ని ఎక్కమని శాఖ తరఫున వాదించడం తనకు సాధ్యం కాదని, శాఖ నుంచి తగిన సూచనలు తెచ్చుకుంటానని అన్నాడు. తెచ్చుకున్నాడు కూడా; బడి మళ్లీ తెరవడానికి శాఖ అభ్యంతరం చెప్పలేదు. ఏటి మీద పక్కా వంతెన కట్టేదాకా పల్లె బడిని మళ్లీ తెరవాలని, అక్కడికి ఒక టీచరును పంపాలని బెంచి ఆదేశించింది. ప్రమాదం ఉన్న చోట దూరపు హద్దు తగ్గించాలన్న నియమమే దానికి ఆధారం. కొత్త తరగతుల మొదటి రోజున రూతు తన పల్లె బడిలోనే కూర్చుంది.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నవి కొత్తగా వృత్తిలోకి వచ్చినవాళ్ల కోసం చెబుతాను. నియమంలో దూరానికి అంకె ఉంటుంది, వేళ ఉండదు. వేళను ఆర్డరులో రాయించుకోవలసింది వకీలే. తర్వాత నాకు వచ్చిన ప్రతి తనిఖీలోనూ బడికి వెళ్లే వేళ, బడి వదిలే వేళ రెండూ మొదటే రాయించుకున్నాను. తనిఖీకి ముందు ఆ చోటును ఎవరూ శుభ్రం చేయకూడదని, అలంకరించకూడదని నోటీసులో ఒక వాక్యం చేర్చాను. దీవుల్లో ఆ వాక్యం ఎవరూ పాటించరు. అందుకని ఎప్పుడూ ఒక పూట ముందే వెళ్లేవాణ్ని.